మీటరు పెట్టె మీది సూదంటురాయి

ఇస్నాపూర్‌లో మహేంద్ర కట్టించిన కిరాయి గదుల్లో కింది వరుస చివరిది నాగవల్లి గది. సాయంకాలం ఆమె దేవుడి పటం ముందు దీపం పెట్టి, కళ్లకద్దుకుని వెనుదిరిగేసరికి గుమ్మం బయట వరండాలో పిల్లలు వచ్చి కూర్చుని ఉండేవారు. వాళ్ల తల్లిదండ్రులందరూ చుట్టుపక్కల కంపెనీల్లో షిఫ్టు పనివాళ్లు. ఒక షిఫ్టు దిగి ఇంకొకటి ఎక్కే ఆ సంధివేళ పిల్లలను కనిపెట్టుకుని ఉండే మనిషి ఆ గదుల్లో ఆమె ఒక్కతే.

విద్యుత్తును గురించి చెప్పేటప్పుడు నాగవల్లి గొంతు స్తోత్రం చదివే గొంతుగా మారేది. మేఘంలో మెరిసేది, తల దువ్విన దువ్వెనకు కాగితపు ముక్కలను అతికించేది, టార్చి సెల్లులో అణగి ఉండేది ఒకే శక్తి అని ఆమె చెప్పేది. పూర్వులు అగ్నిని స్తుతించింది భయపడి కాదనీ, తెలుసుకోగోరి అనీ ఆమె నమ్మకం. తెలుసుకోవడమే ఆమె చేసే పూజ. ఆ పూజ చివరకు ఆమె నోట ఏ మాట పలికించిందో చెప్పవలసి ఉంది.

ఆమె తండ్రి తణుకు దగ్గరి పల్లెటూరి నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చినవాడు. నాగవల్లి పుట్టింది, పెరిగింది, పెళ్లయి కాపురం చేసింది అన్నీ ఆ కర్మాగారపు క్వార్టర్లలోనే. వెడల్పాటి వీధులు, వేళకు వచ్చే నీళ్లు, పోని కరెంటు. ప్రతి ఇంట్లోనూ ఒక ఇనుప బీరువా. పటాన్‌చెరులోని ఒక ప్రైవేటు పాఠశాలలో చాలా ఏళ్లు భౌతికశాస్త్రం బోధించింది. యాజమాన్యం ప్రయోగశాలను ఖాళీ చేయించి, ఆ గదిలో పోటీపరీక్షల తరగతి పెట్టి, గైడులో ఉన్నది మాత్రమే చెప్పమన్న రోజున ఆమె మానేసింది. అదే కర్మాగారంలో పనిచేసే భర్త పోయాడు, క్వార్టరు పోయింది. ఇస్నాపూర్ గదికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నవి దేవుడి పటం, రెండు ట్రంకు పెట్టెలు, కుట్టుసూదుల డబ్బా.

పిల్లల చేత ఆమె చేయించిన ప్రయోగాలన్నీ ఆ వీధిలో దొరికే వస్తువులతోనే. నిమ్మకాయలో ఇనుప మేకు ఒకవైపు, రాగి తీగ ఒకవైపు గుచ్చి, అలాంటి కాయలను నాలుగైదు వరుసగా కలిపితే పాత బొమ్మలోంచి తీసిన చిన్న ఎల్‌ఈడీ దీపం మినుకుమనేది. మేకుకు సన్నని తీగ చుట్టి సెల్లుకు తగిలిస్తే గుండుసూదులు లేచి వచ్చేవి. తీగ తీయగానే రాలిపోయేవి. సూదంటురాయితో ఒకే దిక్కుగా రుద్దిన కుట్టుసూదిని థర్మాకోల్ ముక్క మీద పెట్టి నీళ్లలో వదిలితే, అది మెల్లగా తిరిగి ఉత్తరానికి మొగం పెట్టేది. లేతు మిషన్ల షెడ్ల ముందు మట్టిలో సూదంటురాయిని ఈడ్చి, దానికి పట్టిన ఇనుప రజనును అట్ట మీద చల్లి, కింద రాయిని కదిపితే గీతలు గీతలుగా ముగ్గు ఏర్పడేది. భక్తుణ్ణి, భగవంతుణ్ణి గురించి చెప్పేటప్పుడు పెద్దలు సూదిని, సూదంటురాయిని ఉపమానంగా ఎందుకు తెచ్చారో ఆ అట్ట చూస్తే తెలుస్తుందని ఆమె అనేది.

ఆమె నియమం ఒక్కటే. ప్రతి ప్రయోగం తరువాతా పిల్లలతో ఆ మాటే చెప్పించేది.

"చూసింది చెప్పు. అనుకున్నది చెప్పకు. టీచర్ చెప్పిందని అసలే చెప్పకు."

ఆ నియమాన్ని అందరికన్నా గట్టిగా పట్టుకున్నది అలేఖ్య. పక్క గదిలో ఉండే యాదన్న, ముత్యమ్మల కూతురు, అయిదో తరగతి. యాదన్నది గుమ్మడిదల దిక్కు. ఊళ్లో బోరు నీళ్లకు మందుల వాసన పట్టాక సేద్యం వదిలి, అదే మందుల కంపెనీలో కాంట్రాక్టరు కింద పనికి కుదిరాడు. తన పొలాన్ని పాడు చేసిందని అందరూ అనుకునే కంపెనీ గేటు ముందు రోజూ మెడలో పాసు వేసుకుని నిలబడడం గురించి అతడు ఎన్నడూ మాట్లాడలేదు. కూతురు చదువుకుంటుందని మాత్రం అందరితో చెప్పుకునేవాడు.

ఒకనాటి పాఠం నీళ్లలో విద్యుత్తు. చిన్న దీపం, సెల్లులు, రెండు తీగలు. తీగ కొనలను నీళ్లలో ముంచితే దీపం వెలుగుతుందో లేదో చూడాలి. నీళ్లలో ఉప్పులాంటిది ఎంత కరిగి ఉంటే అంత వెలుగుతుంది. వాన నీళ్లలో వెలగలేదు. కొనుక్కునే డబ్బా నీళ్లలో ఉందా లేదా అన్నట్టు వెలిగింది. మహేంద్ర బోరు నీళ్లలో, చిటికెడు ఉప్పయినా వేయకముందే, పిల్లలు కేకలు వేసేంతగా వెలిగింది. అలేఖ్య ఇంటికి పోయి తల్లికి చూసింది చూసినట్టు చెప్పింది. మరునాడు పొద్దున బిందెల దగ్గర ఆడవాళ్లు ఆ మాటే అనుకున్నారు. ఆ బోరు నీళ్లనే ట్యాంకర్లలో నింపి ఊరంతా అమ్ముకునే మహేంద్రకు అది చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. అతడు వరండా ముందు బండి ఆపి, దిగకుండానే అన్నాడు.

"టీచరమ్మా, నీళ్లు తాగనీకె ఉంటయి. దీపాలు పెట్టుకోనీకె కాదు."

పిల్లలు నవ్వారు. అతడూ నవ్వాడు. ఆ నవ్వును నాగవల్లి నవ్వుగానే తీసుకుంది.

అంతకుముందే ఇంకొకటి జరిగింది. తీగ ఎక్కడ మొదలై ఎక్కడ చేరుతుందో వేలితో చూపించమన్న పాఠంలో అలేఖ్య వరండాలోని మీటర్లన్నింటి తీగలూ వెతికి, చివరకు బోరు మోటారు దగ్గర నిలబడింది. ఆ మోటారు తీగ ఏ మీటరులోకీ పోవడం లేదని, గోడ మీదుగా నేరుగా వీధి స్తంభానికి ఎక్కుతోందని, స్తంభం మీది తీగకు కొక్కెంలా తగిలించి ఉందని చెప్పింది. చూసింది చెప్పింది. అది దొంగ కరెంటని నాగవల్లికి అర్థమయింది. ఆమె సమాధానం చెప్పకుండా తరువాతి పిల్లవాణ్ణి పిలిచింది.

సూదంటురాళ్లు ఆమెకు తాజ్ మొహమ్మద్ ఇచ్చేవాడు. పెద్దరోడ్డు మీద పాత స్పీకర్లు, మిక్సీలు, మోటార్లు బాగుచేసే దుకాణం అతనిది. చిరిగిన స్పీకర్ల వెనకనుండే నల్లని గుండ్రని రాళ్లను ఊడదీసి, గుడ్డతో తుడిచి, పిల్లల పేరు చెప్పి ఆమె చేతిలో పెట్టేవాడు. చివరిసారి రాయిని కాగితంలో చుడుతూ అన్నాడు.

"మేడమ్, ఒక్క మాట. పిల్లలను మీటర్ల కాడ మాత్రం వీటితోని ఆడనియ్యకున్రి. ఈ గల్లీల ఖామఖా పరేషాన్ అయితది."

ఇంత చిన్న రాయి రేకు పెట్టె లోపలున్న మీటరును ఏమీ చేయలేదని నాగవల్లి అతనికి వివరించింది. అతడు ఓపికగా విన్నాడు.

"మీటరుకు ఏం కాదు మేడమ్. మనిషికి అయితది."

అజ్ఞానాన్ని చూసి జాలిపడేవారు నవ్వే నవ్వు ఒకటి ఉంటుంది. నాగవల్లి అదే నవ్వింది. క్వార్టర్లలో పెరిగిన మనిషికి మీటరు గోడ మీది ఒక యంత్రం, అంతే. మీటరు మీద సూదంటురాయి కనిపిస్తే ఈ కిరాయి గదుల్లో దానికి ఒకే అర్థం ఉంటుందని, అది కరెంటు దొంగ గుర్తు అని, ఆమెకు తెలియదు. అతడు చెప్పినా వినిపించుకోలేదు. రాయి బలమెంతో ఆమెకు తెలుసు కనుక వీధి బలం గురించి అడగాలని తోచలేదు.

తరువాతి పాఠం ఆమె ఎంతో ఇష్టపడి ఆలోచించుకున్నది. సూదంటురాయికి ఒక గుండుసూది, ఆ సూది కొనకు ఇంకొకటి, దాని కొనకు మరొకటి, ఇలా గొలుసుగా వేలాడదీసి కొన్నాళ్లు కదపకుండా ఉంచాలి. తీసిన తరువాత సూదులు తమంతట తాము ఒకదానినొకటి పట్టుకుంటాయా? సాంగత్యం వల్ల గుణం అబ్బుతుందా, లేదా? ఇంట్లో కదలని ఇనుప వస్తువుకు రాయిని అతికించమంది. బీరువాకు అతికించండి అని చెప్పింది. ఆ గదుల్లో ఎవరింట్లోనూ బీరువా లేదు.

అలేఖ్య ఇల్లంతా వెతికింది. మంచం నవారుది, కుర్చీలు ప్లాస్టిక్కువి. తలుపు చెక్కది, పైగా రోజూ ఊగుతుంది. కదలని ఇనుము ఒక్కటే ఉంది. వరండా గోడకు బిగించిన మీటరు పెట్టె రేకు తలుపు. ముత్యమ్మ చీపురు అందనంత ఎత్తు కూడా. పీట వేసుకుని ఎక్కి రాయిని అతికించి, గుండుసూదుల గొలుసు వేలాడదీసి, రోజూ బడికి వెళ్లేముందు చూసి పోయేది.

కరెంటు ఆఫీసు వాళ్లు తనిఖీకి వచ్చింది ఒక ఆదివారం పొద్దున. ఆ వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరు నుంచి పోతున్న కరెంటుకూ, ఇళ్ల మీటర్లు చూపించే లెక్కకూ పొంతన లేదట. వచ్చిన అధికారి పేరు సునీల్‌కుమార్. చదువుకున్నవాడు, మాట మెత్తనివాడు. అతడు వస్తున్న సంగతి మహేంద్రకు ముందే తెలిసింది. తెల్లవారకముందే మోటారు తీగ స్తంభం నుంచి దిగి, చుట్టగా చుట్టుకుని, ఏ గదిలోకో పోయింది. మహేంద్ర టీ గ్లాసుతో గేటు దగ్గర నిలబడి అధికారులకు తానే దారి చూపించాడు.

వెతికిన చోట ఏమీ దొరకలేదు. వరండాలో మీటరు పెట్టె మీద నల్లని రాయి, దాని కింద గాలికి ఊగుతున్న గుండుసూదులు దొరికాయి. సెల్‌ఫోనుతో ఫోటో తీశారు. అలేఖ్య పరుగెత్తుకుంటూ వచ్చి, ఆ రాయి తనదేనని, సూదులకు గుణం వస్తుందో లేదో చూస్తున్నానని చెప్పింది. చూసింది చూసినట్టు చెప్పింది. మహేంద్ర టీ గుక్క మింగి అన్నాడు.

"పోరికి గూడ మంచిగనే నేర్పిన్రు సార్."

నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్న యాదన్నను లేపి, అతని గదికి కరెంటు తీసేసి, అతని పేర నోటీసు రాసి వెళ్లిపోయారు. రాయిని సాక్ష్యంగా ఒక కవరులో వేసుకున్నారు. గుండుసూదులు వరండాలో రాలిపోయాయి.

యాదన్న సాయంకాలం నాగవల్లి గుమ్మం దగ్గరకు వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గొంతు పెంచలేదు.

"టీచరమ్మా, కేసు అయితే పోలీసోళ్లు నా మీద మంచోడని కాయితం ఇయ్యరు. ఆ కాయితం లేకుంటె గేటు పాసు గుంజుకుంటరు. ఒక కంపెనీల పాసు పోతే ఈ దిక్కు ఏ గేటు కాడ గూడ నిలవడనియ్యరు. భూమి పోయి ఈడికొచ్చిన. ఈడికెల్లి ఏడికి పోవాలె?"

ఆమె తాను వెళ్లి మాట్లాడతానని, నిరూపిస్తానని మాట ఇచ్చింది. నిరూపించడమనే మాట మీద ఆమెకు దేవుడి మీద ఉన్నంత నమ్మకం. అతడు పోతూ పోతూ అన్నాడు.

"నా బిడ్డకు మంచి చెప్తున్నరనుకున్న."

మరునాడు ఆమె తాజ్ మొహమ్మద్ దుకాణంలో అలాంటిదే ఇంకొక రాయి తీసుకుని కరెంటు ఆఫీసుకు వెళ్లింది. తాజ్ మొహమ్మద్ రాయి ఇచ్చాడు గాని, తన పాత మాట గుర్తు చేయలేదు. అది ఆమెకు ఇంకా కష్టంగా తోచింది.

సునీల్‌కుమార్ ఆమెను కూర్చోబెట్టాడు. గోడకున్న పరీక్ష మీటరుకు బల్బు తగిలించి, ఆమె అడిగినట్టే పెట్టె మీద రాయి పెట్టించాడు. మీటరు మీది ఎర్రని చుక్క రాయి లేనప్పుడు ఎలా మినుకుమంటోందో, ఉన్నప్పుడూ అలాగే మినుకుమంది. రాయిని తీసి, పెట్టి, మళ్లీ తీసి చూపించింది. ఆ గదిలోని గుమాస్తాలు కూడా లేచి వచ్చి చూశారు. ఆమె జీవితంలో అంత చక్కగా ఒప్పిన ప్రయోగం ఇంకొకటి లేదు.

సునీల్‌కుమార్ చివరిదాకా మర్యాదగా చూశాడు. తరువాత రాయిని ఆమె ముందుకు జరిపాడు.

"అమ్మా, ఇది మీరు చూపించకున్నా నాకు తెలుసు. నేనూ ఇంజనీరింగే చదివిన."

తెలిసి కూడా రాశారా అని ఆమె అడిగింది. మీటరు ఆగిందని తాను ఎక్కడా రాయలేదని, మీటరు పెట్టె మీద అయస్కాంతం ఉన్నదని మాత్రమే రాశానని అతడు వివరించాడు. వీధిలో కరెంటు పోతున్న మాట నిజం. తనిఖీలో దొరికింది ఇది ఒక్కటే. పైవాళ్లు అడిగితే ఏదో ఒకటి చూపించాలి. అప్పుడు ఆమె మోటారు తీగ సంగతి చెప్పింది. స్తంభం, కొక్కెం, గోడ అన్నీ చెప్పింది.

"నేను పోయినప్పుడు ఆ తీగ లేదమ్మా. నేను చూసింది రాసిన. చూడంది ఎట్ల రాయాలె?"

ఆమె తన పిల్లలకు నేర్పిన మాటే అది. ఎదుటివాడి నోట అది ఇంత నున్నగా పలుకుతుందని ఆమె ఊహించలేదు.

అతడు చెడ్డవాడు కాదు. కాస్త గొంతు తగ్గించి ఒక దారి చెప్పాడు. పిల్ల పెట్టిందని రాస్తే పిల్లకు బదులు తండ్రే జవాబుదారీ అవుతాడు. ఇంకెవరైనా పెద్దవాళ్లు, కిరాయిదారుకు తెలియకుండా ఆ రాయిని తామే పెట్టామని రాసిస్తే, యాదన్న మీది నోటీసు తీసేయవచ్చు. కేసు ఆ రాసినవాళ్ల మీదికి పోతుంది.

"కాయితం మీద ఒక పేరు ఉండాలె. ఎవరిదన్న సరే."

ఒకరి ప్రాణమో, మానమో, బతుకుతెరువో నిలపడానికి ఆడిన అసత్యం పాపం కాదని ధర్మం తెలిసినవారు ఎన్నడో ఒప్పుకున్నారు. నాగవల్లికి అది తెలుసు. పురాణ కాలక్షేపాలలో చిన్నప్పటి నుంచి విన్నదే. అయితే ఆ ధర్మం చెప్పిన చోటల్లా అసత్యం ఆడేవాడూ పెద్దవాడే, వినేవాడూ పెద్దవాడే. నిజమేమిటో కళ్లారా చూసిన పిల్ల ఒకతె పక్కన నిలబడి ఉంటే ఏమి చేయాలో ఎవరూ చెప్పలేదు. ఆమె కలం తీసుకుని, పిల్లలకు ప్రయోగం చూపించడానికి ఆ సూదంటురాయిని తానే స్వయంగా మీటరు పెట్టెకు అతికించానని, యాదన్నకు గాని అతని కుటుంబానికి గాని ఆ విషయం తెలియదని, గుండ్రని అక్షరాలతో రాసి సంతకం చేసింది.

యాదన్న గదికి కరెంటు వచ్చింది. అతని పాసు మెడలోనే ఉంది. నాగవల్లి పేరు మీద కేసు అయింది. పోలీసు స్టేషనుకు రెండుసార్లు పిలిచి కూర్చోబెట్టారు. రెండోసారి వచ్చేసరికి దీపం వేళ దాటిపోయింది. వరండాలో ఎవరూ లేరు. ఆ తరువాత కూడా ఎవరూ రాలేదు. కరెంటు దొంగతనం నేర్పే టీచరు దగ్గరికి పిల్లలను పంపిస్తారా అని బిందెల దగ్గర ఒకరు అన్నారు. ఆ మాట అన్నది ముత్యమ్మేనని ఆమెకు తెలిసింది. ముత్యమ్మ అలా అనక తప్పదనీ తెలుసు. ఆ మాట మొదట ముత్యమ్మ అనకపోతే, ఆమె ఇంటినే అనుమానంగా చూసేవారు ఇంకా ఉన్నారు.

మహేంద్ర ఈసారి బండి దిగి వచ్చాడు. కేసు ఉన్నవాళ్లకు గది ఇస్తే తన మీదికి వస్తుందని, నెలాఖరులోగా ఖాళీ చేయాలని, మనసులో ఏమీ పెట్టుకోవద్దని చెప్పాడు. అతడు మాట్లాడుతున్నంతసేపూ వెనక బోరు మోటారు మోగుతూనే ఉంది.

సామాను కట్టుకుంటున్న సాయంకాలం అలేఖ్య వచ్చింది. అమ్మ కూరగాయలకు పోయిందని, తొందరగా పోవాలని చెప్పి పిడికిలి విప్పింది. ఆనాడు వరండాలో రాలిన గుండుసూదులను ఏరి దాచుకుంది. అరచేతిలో అవి విడివిడిగా లేవు. ఒకదాని కొనను ఇంకొకటి పట్టుకుని, ముళ్లకంపలా ముద్దకట్టి ఉన్నాయి.

"టీచర్, గుణం వచ్చింది."

ఆమె వంగి చూసింది. బాగుందని అంది. పిల్ల కదలలేదు.

"ఎవరడిగినా మీరే పెట్టిన్రని చెప్పుమంటున్నది అమ్మ. పోలీసు సార్ వచ్చి అడిగితే గూడ గట్లనే చెప్పాల్నట. నేను పెట్టిన కద టీచర్. నేనే చూసిన కద."

నాగవల్లి ట్రంకు పెట్టె మూత వేసింది. గడియ సరిగా పడలేదు, మళ్లీ వేసింది.

"అమ్మ చెప్పినట్టే చెప్పమ్మా."

"చూసింది చెప్పద్దా?"

"వద్దు."

"మోటారు తీగ మళ్ల స్తంభానికి ఎక్కింది. నేను పొద్దుగాల చూసిన. అది గూడ చెప్పద్దా?"

దేవుడి పటం అప్పటికే గోడ మీద నుంచి దించి, చీరలో చుట్టి ఉంది. దీపం పెట్టే చోట నూనె మరక ఒక్కటే మిగిలింది. నాగవల్లి ఆ మరక వైపు చూస్తూ చెప్పింది.

"చెప్పకు."

అలేఖ్య పాఠాన్ని ఒక్కసారికే పట్టుకునే పిల్ల. సూదుల ముద్దను కిటికీ గట్టు మీద పెట్టి, సరేనని తల ఊపి వెళ్లిపోయింది.